బండి ఇంట్లోంచి సాగిన పడుగు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పద్దెనిమిది మైళ్ళు. బస్సెక్కితే గంటన్నరలో దించేస్తాడు. మాకు రెండు రోజులు పట్టింది. ఇల్లు కూడా వెంటబెట్టుకుని పోయాం మరి. ఆ దారిన అట్లా పోదలచినవారు ఎవరైనా ఉంటే వారికోసం రాస్తున్నాను. మేము చేసినవి చేయకుండా ఉంటే చాలు, సగం ప్రయాణం సుఖంగా సాగినట్టే.

నా భార్య రంగమ్మకు ఒక్కతే అక్క, నాగమ్మ. ఎమ్మిగనూరులో మగ్గం నేసుకుని ఒంటరిగా బతుకుతుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆరేళ్ళ కిందట వాళ్ళమ్మకు జబ్బు ముదిరిందని తంతి వచ్చింది. మర్నాడు మా బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు. ఆయన్ను సాగనంపి పోదాం అన్నాను. ఆయన రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. మేము పోయేసరికి అంతా అయిపోయింది. వదిన వాకిట్లోనే ఆపి, "కన్నతల్లి కన్నా ఇనిస్పెక్టరు ఎక్కువైనోళ్ళు నా గడప తొక్కద్దు" అని తలుపేసింది. తప్పు నాది, శిక్ష రంగమ్మది. ఆమె రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

నాకు పింఛను వచ్చిన ఏడు రంగమ్మ అంది: "గడప తొక్కద్దనింది గాని, వీధిలో ఉండద్దనలేదు గదా."

వీధిలో ఉండాలంటే వీధిలో నిలబడే ఇల్లు కావాలి. అది మస్తాన్ దగ్గర ఉంది. మస్తాన్ పత్తి ప్రెస్సులో ఫిట్టరుగా పనిచేసినవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వేలంలో ఒక పాత అంబులెన్సు కొన్నాడు. కర్నూలు రాజధాని అయినాక మంచి బండ్లన్నీ అటే పోయాయనీ, ఆదోనికి మిగిలిన మంచి బండి ఇదొక్కటేననీ అతని వాదన. లోపల రోగులను పడుకోబెట్టే బల్లలు రెండున్నాయి. కింది బల్ల రంగమ్మకు, పై బల్ల నాకు. కిరసనాయిలు స్టవ్ ఒకటి, జొన్నపిండి సంచి, కుదుపులకు తొణక్కుండా ఉట్టిలో వేలాడే నీళ్ళకుండ. మస్తాన్‌కు ముందు సీటే పడకగది. ముందుకూ వెనక్కూ మధ్య తలుపు లేదు, ఒక పాత చీర తెర.

మాఘం చివర, బుధవారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. రాళ్ళగుట్టలు దాటాక రేగడి చేలు మొదలైనాయి. ఎనిమిదికల్లా రేడియేటరు ఉడికింది. స్టవ్ మీద పప్పు మాత్రం ఉడకలేదు. దారి పక్కన బావి కనిపిస్తే ఆగాం.

పక్క చేలో పత్తి ఏరే ఆడవాళ్ళు వచ్చి బండి చుట్టూ మూగారు. ఆకుపచ్చ రంగు కింద పాత ఎర్రక్రాసు గుర్తు ఇంకా తెలుస్తోంది.

"యమ్మా, ఆస్పత్రి బండేనా? సూది ఏస్తారా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"సూదుంది గాని, రయిక కుట్టుకునే సూదవ్వా" అని నవ్వింది రంగమ్మ. ఆ సూదితోనే ముసలమ్మ మడమలో ముల్లు తీసింది.

"యాడికి పోతాండారు?"

"మా అక్క కాడికి."

"అక్క కాడికి పోయేదానివి ఈడ కూసున్నావేందే? ఎగురుకుంటా పోవాల గదా!"

రంగమ్మ సూదిని పైటచెంగుకు గుచ్చుకుంది. పదింటికి బండి చల్లబడింది. ఆమె ధైర్యం కూడా చల్లబడినట్టుంది. వంట కానీ అంది. తిన్నాక, ఎండ తగ్గనీ అంది. ఎండ తగ్గాక బట్టలు ఉతుక్కుంది. బావి నీళ్ళు మంచివే, బట్టలు తెల్లగా వచ్చాయి. అవి ఆరేసరికి పొద్దు గూకింది. ఆ రాత్రికి అక్కడే మకాం. గురువారం కూడా నేను చూసి, చూడనట్టు ఊరుకున్న సాకులు నాలుగైదు ఉన్నాయి. అట్లా, సాయంత్రం నాలుగింటికి ఎమ్మిగనూరు చేరాం.

వదిన ఉండే సాలెవీధి చూస్తే నా మనసు కుదుటపడింది. వెడల్పుగా, బారుగా, అద్దంలా ఊడ్చి ఉంది. ఒక్క బండి లేదు. ఇంత మంచి చోటు ఎవరికీ కనబడలేదేమో అనుకుని, వదిన వాకిటి ఎదురుగా బండి పెట్టించాను. ఎవరికీ కనబడని మంచి చోటు కనిపిస్తే అనుమానించాలని ఇప్పుడు తెలిసింది.

వదిన తలుపు తీసింది. బండిని చూసింది, అందులోంచి దిగిన చెల్లెలిని చూసింది, తలుపు వేసుకుంది. లోపల మగ్గం చప్పుడు మొదలైంది. రంగమ్మ నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, ఆకుతో మూసి, అరుగు మీద పెట్టి వచ్చింది. దీపాలు పెట్టేదాకా అవి అక్కడే ఉన్నాయి.

శుక్రవారం ఇంకా వెలుతురు రాకముందే ఎవరో బండి మీద దబదబ బాదారు. దిగి చూస్తే వీధిలో ఇరవై మంది. బండికి అటూ ఇటూ కత్తెర వేసిన కర్రలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇద్దరు మగవాళ్ళ భుజాల మీద గంజిలో తడిసిన నూలు, చుట్ట చుట్టిన పడుగు. ఆ పడుగు వదినది.

నేత తెలియనివారికి చెబుతాను. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటికీ గంజి పట్టించి, వీధి పొడుగునా సాగదీసి, ఎండ రాకముందే కుంచెతో దువ్వాలి. ఆలస్యమైతే గంజి ఆరి పోగులన్నీ అతుక్కుని తాడవుతాయి. ఆ వీధి అంత వెడల్పుగా ఉన్నది అందుకు, నా సుఖనిద్రకు కాదు. వీధి రెండో సగంలో అప్పటికే మరొకరి పడుగు సాగుతోంది.

మస్తాన్ హేండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది గాని లేవలేదు. తోద్దామంటే వెనక చక్రం రాత్రికి రాత్రే మురుక్కాలువలో దిగబడింది. దూలాలు తెచ్చి ఎత్తాలంటే గంట పని. గంజి గంట ఆగదు.

వదిన రంగమ్మ వైపు చూడకుండా మస్తాన్‌తో అంది: "ఆ యమ్మకు సెప్పప్పా. పుట్టిన వీధిలో పడుగు ఎప్పుడు తీస్తారో గూడా మరిసిపోయిందని. నూలు ఇచ్చినోళ్ళకు నేనేం సెప్పల్ల? రెండు నెలల కూడు అది."

రంగమ్మ నా వైపు చూసింది. నేను, అలవాటు ప్రకారం, ఎందుకూ పనికిరాకుండా నిలబడ్డాను. ఆమె గబగబా పోయి వెనక తలుపులు రెండూ బార్లా తెరిచింది. తెర లాగేసింది.

"మస్తానూ, ముందర అద్దం పైకెత్తు" అని, అక్క వైపు తిరిగింది. "అక్కా, మా ఇంట్లో నుంచి తీయి."

 గుంపులోంచి ఒక పెద్దాయన పకపకా నవ్వి, "పట్టండ్రా!" అన్నాడు.

పడుగు వెనక తలుపులోంచి లోపలికి వచ్చింది. బల్లల మధ్యగా, స్టవ్ మీదుగా, స్టీరింగు మీదుగా పోయి ముందు అద్దం సందులోంచి బయటపడి, అవతల కర్రల మీద సాగింది. నేను డ్రైవరు సీటు కింద నక్కి, పోగులు గేరుకు తగలకుండా తడిగుడ్డ పట్టుకునే ఉద్యోగంలో కుదిరాను. ముప్పై ఏళ్ళు పిల్లలను వంగోబెట్టినవాణ్ణి, ఆ ఉదయం ముప్పావు గంట నేనే వంగి ఉన్నాను.

బండి లోపల దువ్వేందుకు ఇద్దరికే చోటు. పడుగుకు ఒక పక్క రంగమ్మ నిలబడింది. రెండో పక్కకు వదిన ఎక్కక తప్పలేదు. కుంచె ఈ చేతి నుంచి ఆ చేతికి పోతోంది. మాటలు మాత్రం మస్తాన్ మీదుగా పోతున్నాయి.

"కుంచె అంత అదిమి పట్టద్దని సెప్పప్పా."

"అదిమి పట్టలేదని సెప్పు మస్తానూ."

పాపం, మస్తాన్ అద్దం ఎత్తి పట్టుకుని అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పిందే చెబుతున్నాడు. అంతలో టప్పుమని చిన్న చప్పుడు.

"ఏయ్ రంగీ, పోగు తెగింది సూడు! నీ పక్కనే, నీ పక్కనే! గుడ్డిదానా, ఆ కొస పట్టుకో!"

రంగమ్మ కొస పట్టుకుంది. వదిన ముడి వేసింది. కుంచె మళ్ళీ కదిలింది. మస్తాన్ నోరు తెరిచాడు. నేను కింద నుంచి అతని కాలు గిల్లాను. నోరు మూశాడు. ఆ తర్వాత అతనికి చెప్పే పని పడలేదు.

"చేతులు ఇంగా మరిసిపోలేదులే" అంది వదిన కాసేపటికి.

రంగమ్మ ఏడుస్తూ దువ్వుతోంది. "కన్నీళ్ళు పడితే గంజి పలసనయితాదే, మొగం పక్కకు తిప్పు" అంది వదిన. ఆమె గొంతు కూడా పలచబడింది.

ఎనిమిదింటికి పడుగు ఆరింది, చుట్టారు. అదే చేతులు దూలాలు తెచ్చి బండిని కాలువలోంచి ఎత్తాయి. వదిన అరుగు మీద కూర్చుని, నిన్నటి రొట్టెలు విరిచి మజ్జిగలో వేసుకుని తింటూ, గాలితో అన్నట్టు అంది: "ఈ పడుగు మగ్గం మీది పాత కొసలకు అతకాల. పోగు అందిచ్చేదానికి ఒకరుండాల. ఒక్కదాన్ని ఎట్ల అతికేది?"

రంగమ్మ బండిలోకి పోయి తన చీరల మూట తెచ్చుకుంది. నన్ను అడగలేదు. అడిగి ఉంటే అడ్డం చెప్పేవాణ్ణనుకోకండి.

మస్తాన్ ఇంజను విప్పి సరిచేశాక, మధ్యాహ్నం మూడింటికి నేనూ అతనూ బయలుదేరాం. నేను రెండు గజాల దూరంలోనే ఉన్నాను. అయినా వదిన మస్తాన్‌తోనే అంది: "ఆ అయ్యవారికి సెప్పప్పా. వచ్చే గురువారం వచ్చి రంగిని పిల్సకపొమ్మను. బండి వీధి మొగదాల పెట్టమను."

తిరుగుదారిలో రేడియేటరు ఒక్కసారే ఉడికింది. దారి పక్కన ఆగి నేను చేసిన ఉప్మా గురించి మస్తాన్ మర్యాదకు ఏమీ అనలేదు. బండంతా గంజి వాసన. ఈ పద్ధతి ప్రయాణం గురించి నా అభిప్రాయం అడిగేవారికి: ఇల్లు వెంట ఉంటే బత్తెమూ బసా కలిసొస్తాయి, వీపు మాత్రం దక్కదు. నీళ్ళు బావి కనబడిన చోటల్లా పట్టుకోండి. సాలెవీధిలో రాత్రి బండి ఆపకండి. ఒంటరిగా తిరిగొచ్చి ఇంత సంతోషంగా ఉండటం సాధ్యమని నాకు ఈ వయసుకు గాని తెలియలేదు.

ఏడింటికి ఆదోని రైలుగేటు పడింది. గూడ్సు బండి పోతూ ఉంది, పోతూనే ఉంది.

"అయ్యవారూ, మరిసేపోయినా" అన్నాడు మస్తాన్ తల గోక్కుంటూ. "ఆ యమ్మ ఇంగో మాట సెప్పమన్నాది. గురువారం వచ్చేటప్పుడు మిమ్మల్ని ఆదోని బొరుగులు తెమ్మనింది. రెండు సేర్లు."

"నన్నా? నిన్నా?"

"మిమ్మల్నే. మా మరిదిని తెమ్మను అనింది."

గురువారానికి ఇంకా ఆరు రోజులున్నాయి. అప్పటికి బొరుగులు మెత్తబడతాయని నాకు తెలుసు. గేటు లేవగానే, ఇంటివైపు కాదు, బజారు వైపు తిప్పమన్నాను.