చప్పట్లు కొట్టిన తర్వాత

నా భార్య సుసన్నకు ఇబ్రహీంపట్నం బస్ డిపో ఎదురుగా చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఏళ్ళ తరబడి పని లేనివాళ్ళు అవే సర్టిఫికెట్లు పట్టుకొని మళ్ళీ మళ్ళీ కాపీల కోసం రావడం చూసి చూసి ఆమెకు ఓపిక నశించింది. కాలేజీల్లో, ప్లాట్లు అమ్మే వెంచర్ ఆఫీసుల్లో, మార్కెట్లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి వాళ్ళను పనుల్లో పెట్టించడం మొదలుపెట్టింది. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోదు. ఆమె కంటపడితే ఖాళీగా కూర్చునే హక్కు ఎవరికీ ఉండదని నేను ఆటపట్టించేవాణ్ణి.

మా చర్చిలో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలును మైకు ముందు నిలబడి చెప్పాలి. మేమంతా చప్పట్లు కొడతాం. పని ఇప్పించిన ప్రతి ఒక్కరినీ సుసన్న వచ్చే ఆదివారమే అక్కడ నిలబెట్టేది. వాళ్ళు దేవుడికి వందనాలు చెప్పి, ఆ వెంటనే సుసన్నక్క పేరు ఎత్తేవాళ్ళు. అప్పుడామె తల వంచుకొని కొంగు సర్దుకునేది. ఎంత సర్దుకున్నా ఆ సంతోషం దాగేది కాదు.

వినోద్ కుమార్ సాక్ష్యం నాకు బాగా గుర్తుంది. అతను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీ మూతపడి నాలుగేళ్ళు దాటింది. భార్య స్తుతి బట్టలు కుడితే ఇల్లు గడుస్తోంది. సుసన్న అతన్ని ఒక ప్లాట్ల ఆఫీసులో, ఫోన్లు చేసే పనిలో పెట్టించింది. ఆఫీసుకు చెప్పులతో పోవద్దని నల్ల బూట్లు కూడా కొనిచ్చింది. మైకు ముందు దేవుడిచ్చిన పని అని ఒక్కమాట అన్నాక అతనికి ఇంక మాట పెగల్లేదు. సంతోషం పట్టలేక అనుకొని మేము ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్ళకు అతను చర్చికి రావడం మానేశాడు. మార్కెట్లో సుసన్న ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయాడు. "పని దొరికినంక నేను కండ్లకు ఆనుతలేను" అంది సుసన్న. నేనూ అవునన్నాను. ఒక సాయంత్రం నిలదీద్దామని నన్ను బండి తీయమంది.

స్తుతి గడపలోనే నిలబడి, మా ముఖాలు చూడకుండా చెప్పింది. "ఆయన డ్యూటీకి పోయిండక్కా."

నల్ల బూట్లు ఆ గడప పక్కనే ఉన్నాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని సుసన్న చూసింది. సుసన్న చూడటం స్తుతి చూసింది. ఎక్కడికైనా వెళ్ళిపోతే బాగుండుననిపించింది నాకు.

సుసన్న మెల్లగా అరుగు మీద కూర్చుంది. "వినోద్, బయటికి రా తమ్మీ. కొట్లాటకు రాలే నేను."

చాలాసేపటికి వచ్చాడు. తల ఎత్తలేదు.

"నెల గూడ ఉంచుకోలేదక్కా. తెల్వనోళ్ళకు ఫోన్ జేసి ప్లాట్ కొనుమని చెప్పాలె. నాకు నోరు రాదు."

"మరి నాకు చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? దేవుడిచ్చిన పని అని అందరి ముందట మైకుల చెప్పిన. గది పోగొట్టుకున్ననని ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

సుసన్న అడిగింది. "కాలేజీల ఏం పని జేస్తుంటివి నువ్వు?"

"వర్క్‌షాపుల ఉంటుంటి. లేతు మిషన్లన్నీ నేనే చూసుకునేటోణ్ణి."

ఆ ప్రశ్న ఆమె అతన్ని అడగడం అదే మొదటిసారి. ఇక నా సంగతి అంతకంటే అధ్వాన్నం. నేను డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సాగర్ రోడ్డులో లేతు షాపు నడిపే భూపాల్ చేతి పని తెలిసిన మనిషి దొరకడం లేదని ఎప్పుడు కలిసినా నాతో మొత్తుకుంటాడు. చర్చిలో వినోద్ పక్కనే కూర్చొని పాటలు పాడాను గానీ, నువ్వేం చేసేవాడివని ఒక్కమాట అడగలేదు. భూపాల్ సంగతి చెబుతుంటే నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. వినోద్ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఇంటికి వచ్చాక సుసన్న అన్నం ముట్టలేదు. "ఆఫీసుల ఖాళీ ఉన్నదని తోలిన. ఆయనకు అయితదా కాదా అని అడగలే. సాక్ష్యం చెప్పిచ్చుకునుడే చూసుకున్న. సిగ్గయితుంది నాకు" అంది.

ఆదివారం పాస్టరుగారు సాక్ష్యాలకు పిలవగానే లేచి మైకు దగ్గరికి నడిచింది. వినోద్ రాలేదు. స్తుతి మాత్రం వెనుక వరుసలో ఉంది.

"వినోద్‌కు గా పని దేవుడియ్యలే, నేనిచ్చిన. ఆయనకు సరిపోని పని ఇచ్చిన. అది పోయింది. తప్పు నాది, ఆయనది గాదు. ఇంకెవరిదన్న పోయి ఉంటే షాపు కాడికి రాండ్రి. ఎవ్వల్నీ ఇక్కడ నిలబెట్ట."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు తడబడి పాట ఎత్తుకున్నారు. సుసన్న తిరిగి వచ్చి కూర్చునేదాకా నేను నేల వైపే చూస్తున్నాను.

సోమవారం మేమిద్దరం షాపు తెరవడానికి వెళ్ళేసరికి వినోద్ షట్టర్ ముందు నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. భూపాల్ దగ్గరికి పోదామని బండి తిప్పుతుంటే, అతని వెనుక గోడవారగా సీమోను కనిపించాడు. సీమోనుకు కాస్త ఎడంగా రుక్మాబాయి. మందుల షాపు నీడలో పరమేష్. ఒకరినొకరు చూడకుండా నిలబడ్డారు.

అందరూ మైకు ముందు నిలబడినవాళ్ళే. వాళ్ళ పనులు ఎప్పుడు పోయాయో, ఎన్నాళ్ళుగా సందుల్లోకి తప్పుకుంటున్నారో మాకు తెలియదు. ఒక్కొక్కరికీ నేను చప్పట్లు కొట్టాను.

సుసన్న తాళంచెవి నా చేతిలో పెట్టింది. "లోపలికి రాండ్రి" అంది వాళ్ళతో. "ముందుగాల కూసోండ్రి. మీరేం పని జేసేటోళ్ళో నాకు చెప్పుండ్రి."