జపాన్‌ను పొట్టి చేసిన రోజు

నా చిన్నప్పుడు బడిలో నాకొక బహుమతి వచ్చింది. ఆ సంగతి మా పిల్లలకు నేనెన్నడూ చెప్పలేదు. చెప్పుకునేంత మంచి సంగతి కాదది.

అప్పుడు ఎనిమిదో తరగతి. మొఘల్‌పురాలో ఉండేవాళ్లం. మా బాపు దర్జీ. పక్కింటి అక్క నాకంటే ఏడాది పెద్దది గానీ, ఒకసారి పరీక్ష తప్పడంతో నా తరగతిలోకే వచ్చింది. తప్పిన పిల్ల అన్న పేరు ఎలాగైనా పోగొట్టుకోవాలని ఆమె తపన. ఆ ఏడు పొదుపు మీద గ్రాఫు పటాల పోటీ పెట్టారు. మన దేశమూ జపానూ వంద రూపాయల సంపాదనలో ఎంత మిగుల్చుకుంటున్నాయో, కొన్నేళ్ల లెక్కలు సోషల్ టీచరమ్మ నల్లబల్ల మీద రాసి, పైన ‘స్థూల జాతీయ పొదుపు’ అని పెట్టింది. ఆమె కాస్త బొద్దుగా ఉండేది. స్థూల అనగానే మేమంతా కిసుక్కున నవ్వాం. ఆమె కూడా నవ్వేసి, యంత్రాల్లాంటివాటి అరుగుదల తీసెయ్యకుండా వేసిన మొత్తం లెక్క అని అర్థం చెప్పింది.

ఇద్దరం మా వాకిట్లోనే కూర్చుని గీశాం. అక్క ఒకే కాగితం మీద రెండు గీతలూ గీసింది. జపాన్ పైన, మనం కింద, మెల్లగా ఎక్కుతూ. నేను మన దేశానికి గడికో రూపాయి చొప్పున దర్జాగా గీసేసరికి జపాన్‌కు చోటు చాలలేదు. ఇంకో కాగితం తీసి, గడికి మూడు రూపాయలు చేసి ఇరికించాను. అంతవరకు అది తెలివితక్కువతనమే. రెండు కాగితాలూ పక్కపక్కన అంటించి చూస్తే మన గీతే పైన ఉంది. నాకు ముచ్చటేసింది. అప్పుడు గడుల పక్కనుండే కొలత అంకెలను పెన్సిల్‌తో కనీకనిపించకుండా రాశాను. తప్పు అక్కడ మొదలైంది.

పోటీ రోజు సోషల్ టీచరమ్మ సెలవు. పెద్ద టీచరమ్మ వచ్చి నా పటం చూసి మురిసిపోయి, బహుమతి నాకే ఇచ్చింది. అక్క పటం దగ్గర ఆగి, మన దేశాన్ని ఇంత కిందికి తోయడానికి చేతులెట్లా వచ్చాయని అందరి ముందూ చీవాట్లు పెట్టింది. తప్పిన పిల్లకు లెక్కలేం తెలుస్తాయిలే అని కూడా అంది. అక్క తలవంచుకుని నిలబడింది. నేను నోరు విప్పలేదు.

సాయంత్రం బాపు నా పటం మీద వేలు పెట్టి ఆ సన్నటి అంకెలన్నీ చదివాడు. కొలతల మనిషి కదా, ఇట్టే పట్టేశాడు. అక్కను పిలిచి, లాగిలాగి సాగిపోయిన పాత టేపుతో ఆమెను కొలిచాడు. నన్ను కొత్త టేపుతో కొలిచాడు. అక్క నాకంటే రెండు వేళ్లు పొడుగు. అంకెల్లో మాత్రం నేనే పొడుగు తేలాను. అక్క నవ్వి ఇంటికి పోయింది.

“రొండు టేపులు వెట్టి కొలిస్తే, పొడుగెవరో చెప్పేది ఒళ్లు కాదు బిడ్డా, దర్జీ,” అన్నాడు బాపు.

పక్కింటికి పరుగెత్తాను. అక్క అంట్లు తోముతోంది. ఏడుస్తూ అంతా చెప్పాను.

“నాకెరుకనే. నువ్వు గీసేటప్పుడు పక్కనే ఉన్న గద,” అంది.

మరి టీచరమ్మకెందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వే చెప్తవని చూసిన.”

మరునాడు పెద్ద టీచరమ్మ గది గడప దాకా పోయాను. ఆ మరునాడూ పోయాను. లోపలికి మాత్రం పోలేదు. ఆ ఏడాది చివర్లో అక్క చదువు మానేసింది. ఇంట్లో వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, నా పటం వల్లనే అని ఎవరూ అనలేదు. తప్పిన పిల్ల అన్న పేరుతోనే ఆమె బడి దాటింది. ఆ పేరు తీసేసే మాట ఒక్కటుంది, అది నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పటికీ నలుగురిలో చెప్పాల్సిన మాట మింగిన ప్రతిసారీ, పక్కన ఎవరో ఓపికగా నా నోటి వైపే చూస్తున్నట్టుంటుంది.