ఇటలీ గిన్నెల్లో తప్పు వెతుక్కుంటూ బాన్సువాడకు

ఇటలీలో ఒక రోబో గిన్నెలను సరిగ్గా చూడటం లేదని నేను బాన్సువాడ బస్సెక్కాను. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "ముందు మన గిన్నెలు చూడు, సింకులో ఉన్నాయి" అన్నాడు. కనీసం మీకైనా వివరంగా చెప్పుకోవాలి. ఇటలీలో ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో స్టీలు గిన్నెల ఫ్యాక్టరీ ఉంది. తయారైన ప్రతి గిన్నెనూ ఒక రోబో చెయ్యి పట్టుకుని, కెమెరా ముందు తిప్పి చూసి, బాగుంటే ఒక బెల్టు మీద, సొట్టో గీతో ఉంటే పక్క బెల్టు మీద పెడుతుంది. ఆ పని చేసే మనుషులు అక్కడ రానురాను దొరకడం లేదట. అందుకని చిన్న ఫ్యాక్టరీలు కూడా రోబోలను తెచ్చుకుంటున్నాయి. రోబోకు మాత్రం పుట్టుకతో ఏ తెలివీ ఉండదు. ఏది సొట్ట, ఏది గీత అని ఎవరో ఒకరు కూర్చుని ఫొటో తర్వాత ఫొటోలో చుట్టూ గీసి చూపిస్తే, అది చూసి చూసి నేర్చుకుంటుంది. ఆ చూపించేవాళ్లు బాన్సువాడలో ఉన్నారు. నేను పనిచేసే హైదరాబాద్ సంస్థ ఆ ఫొటోలను తెప్పించి, చిన్న ఊళ్ల ఆఫీసులకు పంచి, అయిన పనిని మళ్లీ చూసి పంపిస్తుంది.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, మా చేత చదువుకున్న రోబో అంచు కింద లోపం ఉన్న గిన్నెలను కూడా బాగున్నవాటి వైపు సాగనంపుతోందట. ఫ్యాక్టరీలో ఆ రోబో పనులు చూసే లూచియా అనే ఆవిడ కొన్ని ఫొటోలు పంపి, "తప్పు మీ గుర్తుల్లోనే ఉంది, వెతకండి" అంది. సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్. కారణం చెప్పగలిగితే రాబోయే మూతల పని, పిడుల పని బాన్సువాడకే వస్తాయి. చెప్పలేకపోతే వేరే దేశానికి పోతాయి, ఆఫీసుకు తాళం పడుతుంది. నేను ఇటలీ చూడలేదు, బాన్సువాడా చూడలేదు. రెండింట్లో మా సంస్థ చార్జీలు పెట్టుకోగలిగింది బాన్సువాడకే.

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ దొరికింది. నర్సాపూర్, మెదక్, ఎల్లారెడ్డి మీదుగా వెళుతుంది. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్ కాబట్టి నా ఖర్చల్లా మెదక్‌లో తాగిన టీ, తిన్న రెండు మిర్చిబజ్జీలు. మగవాళ్లయితే మూడు వందలు దగ్గర పెట్టుకోండి. రైలు కావాలంటే కామారెడ్డి దాకా వెళ్లి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. నేనైతే బస్సే ఎక్కమంటాను, ఎందుకంటే మెదక్ దాటాక కిటికీ పక్క సీటుకు విలువ తెలుస్తుంది. వానాకాలం వరి అప్పుడే పచ్చబడి రోడ్డుకు రెండు పక్కలా పరుచుకుని ఉంది. నేను మాత్రం బుద్ధిమంతురాలిలా ఫోన్లో లూచియా పంపిన ఫొటోలు తిరగేస్తూ కూర్చున్నాను. ఎంత చూసినా ఒక్క సొట్టా కనబడలేదు. గిన్నెలు అద్దాల్లా ఉన్నాయి. ఇటలీవాళ్లకు చాదస్తం ఎక్కువేమో అనుకుని ఎల్లారెడ్డి దగ్గర ఫోన్ మూసేసి పొలాలు చూశాను.

బాన్సువాడ బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ పేరు సాయిలు. ఎరువుల దుకాణం పైన కంప్యూటర్ ఆఫీసు అనగానే తల ఊపాడు. "గా గిన్నెలు చూసే పిల్లల ఆఫీసా? ఎక్కుండ్రి మేడం, ముప్పై ఇయ్యుండ్రి." దారిలో ఆయనే అందుకున్నాడు. "మా ఇంటామె రోజూ నన్ను అడుగుతది మేడం. పొద్దుమాపు గిన్నెలు తోమితే ఒక్క రూపాయి ఇచ్చెటోడు లేడు, గా పిల్లలకు ఊకె చూస్తెనే జీతమిస్తుండ్రట, గదేం న్యాయం అని." మా ఇంట్లోనూ ఇదే కేసు నడుస్తోందని చెప్పాను. ఆయన నవ్వి ఆటోను ఎరువుల దుకాణం ముందు ఆపాడు.

మెట్లెక్కితే కింద యూరియా వాసన, పైన ఏసీ చల్లదనం. ఎనిమిది మంది అమ్మాయిలు ఎనిమిది తెరల ముందు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకరైన సువార్తే వాళ్లకు పెద్ద. బీకాం చదివి, హైదరాబాద్‌లో ఒక బట్టల షోరూంలో నిలబడి నిలబడి కాళ్లు వాచి, ఈ ఆఫీసు తెరిచారని తెలిసి తిరిగొచ్చిన మనిషి. వాళ్లమ్మ ఇప్పటికీ నాట్లకు పోతుంది. బిచ్కుంద, పెద్ద కొడప్‌గల్, మద్నూర్ వైపు ఊళ్లకు తానే వెళ్లి, ఇళ్లల్లో కూర్చుని, పిల్లలను పనికి పంపమని ఒప్పించింది కూడా ఈమే. నన్ను చూడగానే నీళ్లిచ్చింది కానీ మొహంలో నవ్వు లేదు. "అక్కా, నా నౌకరీ సంగతి నేను చూసుకుంటా. గీళ్ల ఇండ్లల్ల నేను మాటిచ్చిన. పని గట్టిదే, ఫికర్ చెయ్యకుండ్రి అన్న. ఇప్పుడు ఆఫీసు బందైతే నేను గా ఊర్లల్ల ఏ మొఖం పెట్టుకొని తిరగాలె?" అంది. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

పన్నెండున్నర దాకా ఇద్దరం పాత ఫొటోలు తిరగేశాం. పనిలో వంక పెట్టడానికి లేదు. గోరంత సొట్ట చుట్టూ కూడా గీత ఉంది. వెంట్రుకంత గీతను కూడా వదల్లేదు. నీటి మరకను పట్టుకున్నారు, వేలిముద్రను పట్టుకున్నారు. మాకు ఫ్యాక్టరీ ఇచ్చిన నియమాలు రెండే. చెడినదాని చుట్టూ గీత గీయాలి, కావాలని వేసిన ముద్రలనూ అక్షరాలనూ వదిలేయాలి. ఆ ప్రకారమే చేశారు. అయినా ఇటలీలో రోబో తప్పు చేస్తోంది. మద్నూర్ నుంచి వచ్చే, ఇంట్లో మరాఠీ మాట్లాడే వైశాలి ఉన్నట్టుండి "రోబోకే కండ్లు కనిపిస్తలేవేమో అక్కా" అంది. ఆశ పుట్టించే మాటే కానీ నాలుగింటికి లూచియాతో చెప్పగలిగే మాట కాదు. ఆకలితో ఉన్న బుర్ర పనిచేయదని అందరం భోజనానికి లేచాం.

వెనక సందులో సాయవ్వ మెస్సు ఉంది. బోర్డు ఉండదు, అడిగితే ఎవరైనా చూపిస్తారు. డెబ్బై రూపాయలకు జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర, ఎర్రటి తొక్కు, పైన మజ్జిగ. రొట్టె పెనం మీంచి తిన్నగా పళ్లెంలోకి వస్తుంది, మీరు చాలనే దాకా వస్తూనే ఉంటుంది. నేను తింటూ, పప్పు తుడుచుకుపోయిన చోట పళ్లెం అంచున చుక్కచుక్కలుగా ఉన్న పేరు చదివాను. బాలయ్య అని ఉంది. స్టీలు సామాను కొన్నప్పుడు దుకాణంలో బుర్రుమనే మిషన్‌తో కొట్టిస్తామే, ఆ పేరు. "బాలయ్య ఎవరవ్వా, మీ ఆయనా?" అని అడిగాను.

"మా ఆయన గాదు బిడ్డా, మా ఆడిబిడ్డ మొగడు" అంది సాయవ్వ రొట్టె తిప్పుతూ. "ఏదో పెండ్లిల తలెలు కలిసిపోయినయ్. మాది ఆయనింట్ల ఉన్నది, ఆయనది నా తాన ఉన్నది. ఆయన తెచ్చియ్యడు, నేను తీస్కపోయియ్య. గట్లనే నడుస్తున్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ బాలయ్య మీద వేలు పెట్టి రుద్దాను. వేలికింద చుక్కలు గరగరలాడాయి. అప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. అంచు కింద, చుక్కల వరస. పొద్దున బస్సులో ఆ ఫొటోలన్నిటిలోనూ నేను చూసింది ఇదే, చూసి కూడా చూడలేదు. పక్కనున్న సువార్త వైపు పళ్లెం తిప్పి, "ఇటలీ గిన్నెల మీద ఇలాంటి చుక్కలు ఉన్నాయి కదా, అవేంటి?" అని అడిగాను.

"పేర్లు గదా అక్కా" అంది సువార్త, ఇది కూడా అడగాలా అన్నట్టు. "ఫొటోల మంచిగ కనబడవు గని, ఆర్డర్ ఇచ్చినోళ్ల పేర్లు. పెండ్లికి పెట్టుడుకు కొట్టిపిచ్చుకున్నరేమో అనుకున్నం. అక్షరాలు ఇడిచిపెట్టమన్నరు, ఇడిచిపెట్టినం." అంటూనే ఆమె మొహం మారింది. వైశాలి "ఆమ్చ్యా ఘరీ పణ్ అసంచ్ అస్తే" అనేసి, మళ్లీ తెలుగులోకి వచ్చి "మా ఇంట్ల గూడ గట్లనే ఉంటయ్ గదా, మరి తప్పేంది?" అంది. తప్పు వాళ్లొక్కళ్లదే అయితే కదా. ఆ పనిని హైదరాబాద్‌లో మళ్లీ చూసి పంపించింది నేను. మా అమ్మ గ్లాసుల మీద కూడా మా తాతయ్య పేరు ఉంది. మా ఎవ్వరికీ అది లోపంలా కనిపించే అవకాశమే లేదు. పేరున్న గిన్నె మా లెక్కలో సొంతవాళ్లున్న గిన్నె.

సాయవ్వను బతిమాలి బాలయ్య పళ్లెం అరువు తీసుకున్నాను. "ఇగో, ఇది మల్ల నాకే రావాలె, ఆయనకు పోవద్దు" అని ఒట్టు వేయించుకుంది.

నాలుగింటికి లూచియా తెర మీదకు వచ్చింది. వెనక రోబో చెయ్యి తన పని తాను చేసుకుంటోంది. మొదటిసారి చూశాను దాన్ని, నిజంగా బజారులో గిన్నె కొనే ఆడమనిషిలాగే అటూ ఇటూ తిప్పి చూస్తోంది. సువార్త ఇంగ్లిష్‌లో నెమ్మదిగా, తడబడకుండా చెప్పింది, పళ్లెం కెమెరా ముందు పెట్టి చుక్కలు చూపించింది. లూచియా చాలాసేపు దగ్గరికి వంగి చూసింది. అవి పాలిష్ చేసే యంత్రం అదిరితే పడే మచ్చలని, అక్కడెవరూ గిన్నెల మీద పేర్లు రాసుకోరని చెప్పింది. పళ్లెం మీద పేరెందుకు అని కూడా అడిగింది. "విందుకు పది ఇళ్ల పళ్లేలు వస్తాయి. మర్నాడు ఎవరిది వాళ్లింటికి పోవాలి కదా" అంది సువార్త. బాలయ్య సంగతి మాత్రం చెప్పలేదు.

లూచియా నవ్వింది కానీ వెంటనే సరేననలేదు. "ఇది దొరికింది, మంచిదే. మీకు మామూలుగా అనిపించి మాకు తప్పయ్యేవి ఇంకేమున్నాయో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైందే. సువార్తే అందుకుని, "మాకూ తెలియదు. మీ గిన్నెను మేం ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు, ఫొటోల్లోనే చూశాం. చెడిపోయిన గిన్నె ఒకటి పంపండి. కొత్త వస్తువు మొదలుపెట్టిన ప్రతిసారీ ఒకటి పంపండి. తడిమి చూసి, అర్థం కానిది అడిగి, అప్పుడు గుర్తులు పెడతాం" అంది. లూచియా ఒప్పుకుంది. పాత ఫొటోలన్నీ మళ్లీ చేయాలి, రోబో చుక్కలను పట్టుకోవడం నేర్చుకుంటేనే మూతల పని అని కూడా చెప్పింది. తాళం పడలేదు, అలాగని గండం గడిచిందనీ అనలేం. ఐదున్నర బస్సు ఎక్కడానికి వెళుతూ సాయవ్వకు పళ్లెం ఇచ్చేసి, ఒట్టు నిలబెట్టుకున్నాను.

మొన్న నా ఫోన్లో ఒక ఫొటో వచ్చింది. ఇటలీ నుంచి చుక్కల గిన్నె పార్సిల్‌లో వచ్చిందట. అందరూ తడిమి చూశాక, అమ్మాయిలు దాన్ని బాన్సువాడ బజారులో స్టీలు సామాను దుకాణానికి పట్టుకెళ్లి, యంత్రం చేసిన మచ్చ పక్కనే తమ ఎనిమిది పేర్లూ కొట్టించారు. దాని ఫొటో తీసి లూచియాకు పంపారు. ఆవిడ దాన్ని కొత్తగా నేర్చుకున్న రోబోకు చూపించింది. రోబో ఆ మచ్చ చుట్టూ ఒక ఎర్రగీత గీసి, తర్వాత సువార్త దగ్గర మొదలుపెట్టి వైశాలి దాకా ఒక్కొక్క పేరు చుట్టూ తొమ్మిదో గీత వరకూ గీసింది. కింద సువార్త మెసేజ్: "అక్కా, రోబో మమ్ములను అందర్ని రిజెక్ట్ చేసింది. మూతల పని మాకే వచ్చింది." ఆఫీసు నుంచి ఇంటికి బస్సెక్కాల్సిన టైములో నేను కుర్చీలోనే కూర్చుని కళ్లు తుడుచుకున్నాను, సంతోషంతోనే.

రోబోలు వస్తే మనుషులు అక్కర్లేదని అందరూ అంటుంటారు. యూరప్ సంగతి నాకు తెలియదు. నేను చూసినంతలో, ఇటలీలో తిరిగే ఆ ఇనుప చెయ్యి చూపులో బాన్సువాడ వంటిళ్లు ఉన్నాయి. మొదట మన అలవాటు నేర్చుకుంది, తర్వాత వాళ్ల అలవాటు నేర్చుకుంది. మర్చిపోవడం మాత్రం దానికే సాధ్యం. నాకు ఇప్పటికీ పేరు లేని గిన్నె చూస్తే అది ఎవరిదీ కానట్టే అనిపిస్తుంది.

మీరు బాన్సువాడ వెళితే ఒక్క పని చేయండి. తిరుగు బస్సుకు ముందు ఒక అరగంట మిగుల్చుకుని బజారులో ఒక స్టీలు గ్లాసు కొనండి, కొన్నవాళ్లకు పేరు ఉచితంగా కొట్టిస్తారు. దాన్ని ఇటలీకి మాత్రం పట్టుకెళ్లకండి.