టీచర్ గారి ఫోటో

తెనాలిలో ఒక ఫ్యాన్సీ కొట్టు మీద అద్దె గది. అందులో మేము ముగ్గురం. బయటివాళ్ళకు మాత్రం మేము ‘టీమ్’. బాపట్ల నుంచి వచ్చే బాసు ఒక క్రిప్టో కాయిన్ పుట్టించాడు. ఇంకొకడు దానికి బొమ్మలు చేసేవాడు. కొన్నవాళ్ళందరినీ ఫోన్ గ్రూపులో బుజ్జగిస్తూ ఉండటం నా పని. పొద్దున్నే శుభోదయం అక్కయ్య గారూ, బాబాయ్ గారూ, మీకోసం టీమ్ తిండీ నిద్రా మానేసి పనిచేస్తోందండి అని రాసేవాణ్ణి. రాసి, కింద హోటల్‌కు దిగి పెసరట్టు తినేవాణ్ణి.

నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే. ఎవరైనా సందేహం అడిగితే ఎంతో మర్యాదగా జవాబిచ్చి, వెంటనే మ్యూట్ చేసేయడం. ఇక వాళ్ళకు గ్రూపు కనిపిస్తుంది గానీ, రాయడానికి ఉండదు. సందేహం తీరింది కాబోలని మిగతా జనం అనుకుంటారు.

రేపల్లెలో నాకు ఎక్కాలు నేర్పిన టీచర్ గారు, రిటైరయ్యాక, నేనున్నానన్న నమ్మకంతో ఆ కాయిన్ కొన్నారు. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళ చేత కూడా కొనిపించారు. ఆమె ఫోటో గ్రూపులో పెడితే జనం ఎగబడ్డారు. అందుకని వారం వారం పెట్టాను.

ఒకరోజు ఆమె గ్రూపులో, “బాబూ, అమ్ముదామంటే అవడం లేదు, ఎందుకంటావు?” అని అడిగారు. ఎవరూ అమ్ముకోకుండా బాసే కట్టడి చేశాడని నాకు తెలుసు. “సర్వర్ పని జరుగుతోందండి” అని రాసి, ఆమెను మ్యూట్ చేశాను. బాధపడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది. పడలేదు.

మూడో రోజు ఆమె రైలెక్కి తెనాలి వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, గదంతా చూశారు.

“టీమంటే మీరు ముగ్గురేనా?”

“అవునండి.”

“నా డబ్బు పోతే పోయిందిరా. మా సమాజం వాళ్ళకి జరిగింది నేను చెప్పుకున్నాను. బాపట్ల వాళ్ళు, నిజాంపట్నం వాళ్ళు నా ఫోటో చూసి ఇంకా కొంటున్నారంట. వాళ్ళెవరో నాకు తెలీదు. గ్రూపులో ఒక్క మాట రాయనియ్యి. కొనొద్దని చెబుతాను.”

“బాసుతో మాట్లాడతానండి. ఇంత దూరం వచ్చారు కదా, ఒక ఫోటో దిగుదామండి.”

పాత శిష్యుడు అడిగితే కాదనడం ఆమెకు రాదు. నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

ఆమె రైలు రేపల్లె చేరకముందే ఆ ఫోటో గ్రూపులో పెట్టాను. టీచర్ గారు స్వయంగా వచ్చి టీమ్‌ను దీవించారండి అని కింద రాశాను. ఆ పూట కొన్నవాళ్ళను చూసి బాసు నన్ను మెచ్చుకున్నాడు. నాకు సంతోషమే వేసింది.

నెల తిరగకుండానే బాసు ఫోన్ ఆపేసి మాయమయ్యాడు. జనం గ్రూపులో నా మీద పడ్డారు, మా అమ్మానాన్నలను కలిపి తిట్టారు. అప్పుడు టీచర్ గారి మ్యూట్ తీసేశాను. జాలిపడి అనుకునేరు. తిట్లు పంచుకోవడానికి నాకో మనిషి కావలసి వచ్చింది.

నిమిషంలో ఆమె రాశారు. “అందరికీ నమస్కారమండి. నా ఫోటో చూసి కొన్నవాళ్ళు నన్ను క్షమించండి. ముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.”

ఎందుకు చెప్పలేకపోయారో రాయలేదు. నా ఊసే ఎత్తలేదు.

జనం నన్ను వదిలేశారు. దొంగ టీచరన్నారు, కమీషన్ ఎంత తిన్నావన్నారు, పిల్లలకు నేర్పింది ఇదేనా అన్నారు. ఒక్కొక్కరికీ ఆమె “క్షమించండి” అని విడివిడిగా జవాబిచ్చారు. నేను కింద హోటల్లో ఉన్నాను. వాళ్ళ నోళ్ళు మూయించే మీట నా బొటనవేలి కిందే ఉంది. పెసరట్టు చల్లారిపోతోందని ఫోన్ బోర్లా పెట్టి తిన్నాను.