పంజాగుట్ట చౌరస్తాలో యాస్మిన్ ఆపా

నిన్న అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ముందున్న పాత కారు నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. ఆటోలో నా పక్కనున్నామె కొంగుతో ముక్కు మూసుకుంది. ఆ కారు కింద పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవుతోందని నాకు అర్థమైంది. ఆ వాసన యాస్మిన్ ఆపాను తెచ్చి నా ముందు నిలబెట్టింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరులో అందరిలాగే నేనూ తణుకు నుంచి అమీర్‌పేటకు జావా నేర్చుకోవడానికి వచ్చాను. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. కోర్సు అయిపోయినా ఇంటర్వ్యూల్లో నోరు పెగిలేది కాదు. మా హాస్టల్ వెనక సందులో, అందరూ అక్క అనే అర్థంలో ఆపా అని పిలిచే యాస్మిన్ వర్క్‌షాప్ ఉండేది. ఆమె కూడా ఇంజినీరే. తండ్రి తర్వాత ఆ షాపును తనే నడిపేది. కార్ల సైలెన్సర్లు, పొగ గొట్టాల పని తప్ప మరొకటి ముట్టేది కాదు. బంజారా హిల్స్ నుంచి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు ఆ ఇరుకు సందులోకి గోడలకు తగలకుండా మెల్లగా వచ్చేవి. పని అడగడానికి వెళ్లిన రోజే, "నాకు ప్రతిదానికీ భయమండీ," అని చెప్పేశాను. ఆమె నవ్వలేదు. "మంచిదే. భయం లేనోళ్లతోనే నాకు మస్తు ఫికర్," అంది.

ఓసారి ఒక కుర్రాడు తన చిన్న కారుకి కన్వర్టర్ తీసేసి సీదా గొట్టం వేయమన్నాడు. బరువు తగ్గుతుందట, సౌండ్ అదిరిపోతుందట. "సౌండ్ కావాల్నంటే వెనక సైలెన్సర్ మారుస్త. గిది మాత్రం తియ్య," అంది ఆపా. అతను విసుక్కుని వెళ్లిపోయాక నన్ను మరో కారు కిందికి పంపి ఇంజన్ ఆన్ చేసింది. అలాంటి తేలిక కార్ల నేల పల్చటి రేకు. గొట్టం దాని కిందే జానెడు దూరంలో ఉంటుంది. "కన్వర్టర్ లేని గొట్టం లీకైనా, కన్వర్టర్‌కు ముందు ఏడన్న లీకైనా పొగల విషం సీదా మనిషి కాళ్లకాడికి వస్తది. ఆ విషానికి రంగుండదు, వాసనుండదు. నిద్రొస్తది, గంతే," అంది. ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఆ వానాకాలంలోనే ప్రసాద్ గారి ఎర్ర కారు వచ్చింది. గుడ్డ టాపున్న చిన్న కారు. ఆయనకు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. కారు చప్పుడు పెరిగిందనీ, దిగాక తలనొప్పిగా ఉంటోందనీ చెప్పి వెళ్లారు. పైకెత్తి చూస్తే కన్వర్టర్ ముందున్న అతుకులో పొగ బయటికి రాకుండా ఆపే గాస్కెట్ కాలిపోయింది. సీటు కింద కారు నేలలోని రంధ్రాన్ని మూసే రబ్బరు బిళ్ల కూడా పగిలి ఉంటే తీసేశాం. కారును కిందికి దించి, కొత్తవి తేవడానికి ఆపా బయటికెళ్లింది.

ఇంతలో ప్రసాద్ గారు ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేశారు. "ఏంటమ్మా, ఇంకా కాలేదా? పాపని బర్త్‌డే పార్టీకి తీసుకెళ్లాలి. బంజారా హిల్స్ దాకానే కదా, సాయంత్రం మళ్లీ తెచ్చిస్తాను."

"వద్దండీ. పొగ లోపలికొస్తుందండీ. పాప కూడా ఉంది," అన్నాను.

"అద్దాలు దించుకుంటాంలే," అని తాళం తీసుకుని వెళ్లిపోయారు. కారు సందు దాటిందో లేదో, వాన మొదలైంది.

ఆపా తడుస్తూ వచ్చింది. విషయం చెప్పగానే చేతిలోని సామాను అక్కడే పడేసింది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. "గీ వానల అద్దాలు ఎక్కించేస్తడు. స్కూటర్ మీద కూసో, జల్ది!"

పంజాగుట్ట వైపు బస్సులు, ఆటోలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. నడిచి వెళ్లగలిగే ఆ దూరం ఎంతకీ తరగలేదు. ఆపా ఫుట్‌పాత్ మీదికి ఎక్కించి నడుపుతూ "యా అల్లా, యా అల్లా" అనుకుంటోంది. ఎర్ర కారు కోసం వెతుకుతూ నేను ఆమె భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలియదు. చౌరస్తా దగ్గర రెండు బస్సుల మధ్య అది కనిపించింది. అద్దాలన్నీ మూసి, ఆవిరి పట్టి ఉన్నాయి. ఇంజన్ నడుస్తూనే ఉంది.

ఆపా అద్దాన్ని దబదబా బాదింది. ప్రసాద్ గారు చాలాసేపు తడుముకుని తలుపు తీశారు. "పాప... పడుకుంది," అన్నారు ముద్దముద్దగా. నేను తాళం తిప్పి ఇంజన్ కట్టేశాను. ఆపా అటువైపు తలుపు లాగి పాపను ఎత్తుకుని వానలోకి తెచ్చింది. "బేటీ, ఆంఖే ఖోలో! కండ్లు తెరువమ్మా!" పాప తల ఆమె చేతి మీద వేలాడింది. ఆ క్షణంలో హారన్లు కూడా నాకు వినబడలేదు. తర్వాత పాప దగ్గింది. ఆపా ఒంటి మీదే వాంతి చేసుకుని, సన్నగా ఏడ్చింది. మనసును అంతగా చల్లబరిచిన ఏడుపు నేనెన్నడూ వినలేదు.

ఆటోలో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. చీకటి పడేసరికి పాప నాన్నని గుర్తుపట్టి, కేకు అడిగింది. ప్రసాద్ గారు మంచం మీదే తల వంచుకుని, "ఈ అమ్మాయి వద్దంది, ఆపా. నేనే వినలేదు," అన్నారు.

బయట మెట్ల మీద కూర్చున్నా, ఆపా చాయ్ గ్లాసు పక్కన పెట్టి మాటిమాటికీ లోపలికెళ్లి పాప ఊపిరి చూసొస్తోంది. "మీకూ భయమేసిందా ఆపా?"

"ఆ భయం ఇంక పోలే," అంది. నా వైపు తిరిగింది. "నువ్వు వద్దన్నవ్. మంచిగనే చెప్పినవ్. కానీ గిట్లాంటప్పుడు చెప్పుడు సరిపోదు, సుజాతా. బండికి అడ్డం నిలబడాలె. తిడితే తిట్టనీ."

ఆ మాటలో నింద లేదు. తనకు తెలిసిన పనిని నా చేతికి ఇస్తున్నట్టుగా ఉంది. ఆమె దగ్గర ఇంకొన్నాళ్లు పనిచేసి, తర్వాత కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగంలో చేరాను. ఆపా పోయిందని తెలిసిన రోజు కూడా ఒక మీటింగ్‌లోనే ఉన్నాను. బ్రేకు పరీక్షలో తప్పిన కొత్త బండిని, విడుదల తేదీ దగ్గర పడిందని పంపేయాలని అందరూ తొందరపడుతున్నారు. నా గొంతు వణికింది, అది ఇప్పటికీ వణుకుతుంది. వణుకుతున్న గొంతుతోనే లేచి నిలబడి, ఈ బండి బయటికి వెళ్లడానికి వీల్లేదన్నాను. వాళ్లు తిట్టారు. నేను కూర్చోలేదు.