ఇంటిపేరుతో సహా పిలిచే బోయెట్

అమెరికాలోని డేలీ సిటీలో ఉండే బోయెట్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరినైనా సరే, పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరుతో తప్ప పిలవడు. ఫిలిప్పీన్స్ వాళ్ళేమో బిడ్డ పుట్టీ పుట్టగానే బేబీ అనో బాంగ్ అనో ముద్దుపేరు తగిలించి, అసలు పేరుని బీరువాలో పెట్టి తాళం వేసే రకం. అలాంటివాళ్ళ మధ్య ఇది చిన్న జబ్బేం కాదు.

"మరియా సొకొర్రో పల్మారెస్ సుమగాయ్‌సాయ్! ఆ వెనిగర్ ఇలా అందించు."

"బేబీ అంటే నోరు పడిపోతుందా? నువ్వు పిలవడం పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయింది," అనేది భార్య.

ఒక బాప్తిజం విందులో "క్రిసాంటో తూపస్ గల్యార్దో!" అని మూడుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు. ఆయన పక్కనే నిలబడి ఆరో లుంపియా రోల్ నములుతున్న బాంగ్, "ఎవడోగానీ చెవిటి మాలోకంలా ఉన్నాడు," అని జాలిపడ్డాడు.

"నువ్వేనయ్యా బాబూ!" అంది బాంగ్ పెళ్ళాం.

పక్కింటి కుక్కని కూడా టీకాల కార్డు చూసి మరీ పిలిచాడనీ, ఆ రోజు నుంచి అది ఆయన్ని చూస్తే దారి మార్చేస్తోందనీ వీధిలో చెప్పుకుంటారు. కుక్కనడిగితే కాదనదు.

ఈ జబ్బు పోయిన ఏడాదే మొదలైంది. బేబీ వాళ్ళమ్మని అమెరికా తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టారు. చట్టం ప్రకారం అత్తగారిని పిలిపించుకునే హక్కు అల్లుడికి లేదు, కూతురికే ఉంది. కాబట్టి సంతకం బేబీది, చాకిరీ బోయెట్‌ది. తీరా మనీలాలో ముసలావిడ వీసా ఇంటర్వ్యూ తప్పిపోయింది. "జ్వరమొచ్చిందే," అంది కూతురితో. ఆఫీసువాళ్ళు ఇంకో తేదీ ఇచ్చి, ఈసారీ తప్పితే ఫైలు మూసేస్తాం, మళ్ళీ మొదటి నుంచీ రావాలి అన్నారు. ఆవిడకి డెబ్భై ఎనిమిది. మొదటి నుంచీ రావడానికి ఆవిడ దగ్గర అన్నేళ్ళు ఉన్నాయో లేదోనని బేబీకి తిండి సయించలేదు.

బోయెట్ మాత్రం ప్రతి ఆదివారం ఫోను పట్టుకుని, "పెర్పెతువా గెవారా పల్మారెస్ గారేనా?" అనేవాడు.

"నేనే నాయనా, నేనే!" అని అటునుంచి నవ్వు.

బేబీ ఫోను లాక్కునేది. "ఊరంతా నెనెంగ్ అని పిలుచుకునే మనిషిని పోలీసువాడిలా గద్దిస్తావేం?"

రెండో ఇంటర్వ్యూ గట్టెక్కింది. అత్తగారు నెనెంగ్ విమానం దిగింది. వచ్చిన వారానికి ఇంటినిండా చుట్టాలు. పాన్సిత్ నూడుల్స్ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆవిడ అసలు సంగతి విప్పింది.

"జ్వరమూ లేదు, గిరమూ లేదు. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ హాల్లోనే ఉన్నా. మైకులో పెర్పెతువా, పెర్పెతువా అని ఒకటే పిలవడం. 'ఎంత పొగరమ్మా ఈవిడకి, పలకదేం!' అని పక్కావిడతో కలిసి తిట్టాను కూడా."

ఇల్లు గొల్లుమంది.

"పెళ్ళినాడు పాదిరీగారు అన్నాక ఆ పేరు మళ్ళీ ఎవరన్నారు గనక? నీతో చెప్పడానికి సిగ్గేసి అల్లుడికి ఒక్కడికే చెప్పుకున్నా. ఈసారి 'పెర్' అనగానే లేచి నిలబడ్డా."

బేబీ మొగుడి వైపు తిరిగింది. "అయితే అమ్మకి నేర్పితే సరిపోయేదిగా! ఊళ్ళో వాళ్ళందరినీ ఎందుకు చంపుకుతిన్నావు?"

బోయెట్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడ ఒక్కరికే అయితే పాఠం చెప్పినట్టుంటుంది, పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. అందరినీ పిలిస్తే, వీడికి పిచ్చి అనుకుని ఊరుకుంటారు."

బేబీ తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది. పెద్ద రొయ్యలు ఏరి ఆయన పళ్ళెంలో వేసింది. "సరే, అమ్మ వచ్చేసిందిగా. ఇక మానెయ్."

"ఎలా మానను? బాంగ్ అత్తగారికి వచ్చే నెలే ఇంటర్వ్యూ." బోయెట్ బాంగ్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఆవిడ పూర్తి పేరేమిటి?"

బాంగ్ నమలడం ఆపాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ పైకప్పు వైపు చూసింది.

"అందరం లోలా, మామ్మా అనే అంటాం," అన్నాడు బాంగ్ చివరికి. "మామ్మకి పేరు కూడా ఉంటుందా?"