బాబాయి బెజ్జాలు వేసిన కొండ

మా రేపల్లె వైపు ఎంత లోతు తవ్వినా నల్లమట్టే, గులకరాయి కూడా తగలదు. అలాంటి చోట బాబాయి సమాధికి రాతి పలక పెట్టించాలని ఎస్తేరు పిన్ని పట్టుదల. అదీ ఏదో ఒక రాయి కాదు. కుర్రతనంలో ఆయన డ్రిల్లింగ్ పని చేసిన బల్లికురవ వైపు గ్రానైట్ కొండ రాయే కావాలి. నవంబరులో సమాధుల పండుగకి మేమంతా సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఏటా ఆ సిమెంటు దిమ్మకి సున్నం వేస్తూ పిన్ని "వచ్చే ఏడైనా" అనేది. ఈసారి మోకాళ్ల నొప్పులు ముదిరాయి. "ఇప్పుడు పోకపోతే ఇంక పోలేనమ్మాయ్" అంది. తెనాలిలో పిల్లలకి పాఠాలు చెప్పుకునే నాకు దసరా సెలవులు. మూతపడిన క్వారీ చూడొచ్చనగానే ఎగిరి గంతేశాను.

పిన్ని పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వచ్చింది. అక్కణ్ణుంచి ఇద్దరం రైల్లో బాపట్ల చేరి, టిఫిన్ చేసి, పర్చూరు బస్సు, ఆ తర్వాత మార్టూరు బస్సు పట్టుకున్నాం. టికెట్లన్నీ కలిపినా మనిషికి రెండు వందలు దాటలేదు. మార్టూరులో ఆటో రానూపోనూ ఎనిమిది వందలకి మాట్లాడాను. దారిలో వరి పోయి మిరప, పత్తి చేలు వచ్చాయి. వాటి వెనక కొండలు కనపడేసరికి పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది ఆగిపోయి చానా ఏళ్లయిందమ్మా. నడిచే క్వారీలు అటేపున్నాయి, చూపించనా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"నడిచేయి నాకెందుకు బాబూ! మా ఆయన పని చేసింది ఆగిపోయినదాంట్లోనే" అంది పిన్ని.

క్వారీ కూలీల కోసం వెలసిన క్యాంపు వీధిలో ఇప్పుడు ఒకే ఒక మెస్సు ఉంది. నడుపుతున్నది సెల్వి అక్క. చిన్నప్పుడు నాన్నతో తమిళనాడు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. గోంగూర పప్పు, చేపల పులుసుతో భోజనం నూట ఇరవై. ఆ పులుసు కోసమే మళ్లీ వెళ్తాను, నిజం! "అప్పట్లో ఈ వీధిలో నడవాలంటే భుజాలు రాసుకునేయండి. మూడు మెస్సులు, వీడియో హాలు, జీతాల రోజు గాజుల బళ్లు. రాయిలో పగుళ్లు మొదలవగానే క్వారీ సేట్లు సర్దుకున్నారండి" అంది. ఇప్పుడు పక్క క్వారీల్లో పనిచేసే ఒరిస్సా కుర్రాళ్లు ఆమె దగ్గరే తింటారు. ఉండిపోయిన కుటుంబాలు మిగులు రాళ్లని కంచె స్తంభాలుగా కోసి అమ్ముకుంటున్నాయి.

ఆ స్తంభాలు కోసే సుబ్బయ్య గారే మమ్మల్ని గోతి దగ్గరికి తీసుకెళ్లాడు. చూడగానే కేక పెట్టేశాను! నిట్టనిలువు రాతి గోడలు, అడుగున ఆకుపచ్చటి నీళ్లు, పైన గట్టు మీద మోటార్లు. మిరప చేలకి నీళ్లిప్పుడు ఇక్కణ్ణుంచే. కొండ పోయింది గానీ ఊరు పోలేదు, అందుకే నాకు అక్కడ దిగులు వెయ్యలేదు.

పిన్ని మాత్రం మిగులు రాళ్ల మధ్య తిరిగి తిరిగి, ఒక రాయి దగ్గర ఆగింది. ఒక పక్క నిండా నిలువు గాడులు. కొండలో వరసగా బెజ్జాలు వేసి రాయిని చీలగొడితే, ఒక్కో బెజ్జం సగం చొప్పున ఇలా రాతికి మిగిలిపోతుందట.

"ఈ గాడులు కోసేసి అద్దంలా పాలిష్ పట్టిస్తానమ్మా. మొహం కనపడుద్ది" అన్నాడు సుబ్బయ్య గారు. నేనూ వంత పాడాను. నున్నగా లేని రాయి కోసం ఇంత దూరం వచ్చామా?

"ముట్టుకోమాక!" అంది పిన్ని. గాడిలో వేలు పెట్టి పైనుంచి కిందికి నిమిరింది. "ఈ బెజ్జాలేసేగా ఆయన నాకు అన్నం పెట్టింది."

"ఇవి బాబాయి వేసినవేనని ఎట్టా తెలుసు పిన్నీ?"

"తెలవదు. ఆయనవి కాకపోతే ఆయన పక్కనోడివి. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నోళ్లే."

పేరు కోసం పైన ఒక్క జానెడు మేర నున్నగా చేయించాం. వారం తర్వాత తెనాలికి బండలు తెచ్చే లారీలో రాయి దిగింది. అక్కణ్ణుంచి రేపల్లె చేర్చి బాబాయి సమాధి తలవైపు నిలబెట్టించాం.

మీరూ వెళ్తే ఒక్క మాట: ఆటోని అక్కడే ఆపించుకోండి, తిరుగు బండి దొరకదు. నేనైతే ఆగిపోయిన ఊరు చూద్దామని వెళ్లి, ఆరని పొయ్యి దగ్గర భోంచేసి వచ్చాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు. మొన్న పండుగ సాయంత్రం రేపల్లెలో గాలి ఎక్కువ. అందరి కొవ్వొత్తులూ ఆరిపోతుంటే అగ్గిపెట్టెలు చేతులు మారుతున్నాయి. పిన్ని తన కొవ్వొత్తుల్ని రాతి గాడుల్లోకి జరిపి నిలబెట్టింది. అవి మాత్రం చివరిదాకా వెలిగాయి.